వేలిముద్ర వేశాక అడిగే హక్కు పోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవారు. చదువు రాదు. మూడేళ్ల కిందట కిడ్నీ జబ్బు మీద పరిశోధన అంటూ ఒక టీమ్ ఊళ్లోకి వచ్చి ఆయన రక్తం, మూత్రం తీసుకుంది. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. కాపీ ఇవ్వలేదు, రిపోర్టూ రాలేదు. మొన్న సోంపేటలో పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 4 దాటింది. వాళ్లకు అప్పుడే తెలిసుంటుంది కదా? వేలిముద్ర వేశాం కాబట్టి ఇక అడగలేమా? వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: అడగొచ్చు. వేలిముద్ర వేసినంత మాత్రాన మీ నాన్నగారు హక్కులు వదులుకున్నట్టు కాదు. పైగా వాళ్ల దగ్గరున్న ఆ కాగితమే మీకు ఆధారం.

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఉత్త సలహాలని కొందరు కొట్టిపారేసేవారు. 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల 4వ అధ్యాయం ఆ మాటకు తావు లేకుండా చేసింది. మందు ఇవ్వకుండా రక్తం మాత్రమే తీసుకునే పరిశోధనకు కూడా రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్ల క్షేమం, హక్కులు చూసే సంఘం) అనుమతి ఉండాలి, ఆ మార్గదర్శకాలు పాటించాలి.

చదువు రాని మనిషి దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు టీమ్‌తో సంబంధం లేని, చదువు వచ్చిన సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఎందుకు తీసుకుంటున్నారో, మిగిలిన శాంపిల్‌ని ఏం చేస్తారో, ఇష్టం లేకపోతే మధ్యలో ఎలా మానుకోవచ్చో ఆయన భాషలో చెప్పాలి. ఆ తరవాతే వేలిముద్ర. సమాచార పత్రం, సమ్మతి పత్రం కాపీ ఆయన చేతికివ్వాలి. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన రేషన్ కార్డు కవర్లోంచి నాలుగు మడతల కాగితం తీశారు. కింద నీలం సిరా వేలిముద్ర ఉంది. సాక్షి అన్న గీత మీద ఏమీ లేదు. పైన రాసిందంతా ఇంగ్లిషు. అలాంటి దాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు.

ఇది మన దగ్గర కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన పరిశోధనలో చాలా పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఇక మీ అసలు బాధ. ‘వాళ్లకు అప్పుడే తెలిసుంటుంది’ అన్నది ఇప్పుడే ఖాయం చేసుకోకండి. కొన్ని పరిశోధనల్లో శాంపిళ్లను ఫ్రీజర్‌లో దాచి, ఎప్పటికో అన్నీ కలిపి పరీక్షిస్తారు. ట్యూబు మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. కానీ మీ నాన్నగారి క్రియాటినిన్ ఎక్కువుందని తెలిసీ చెప్పకుండా ఉంటే అది పెద్ద తప్పే. మనిషి ఆరోగ్యానికి అక్కరకొచ్చే ఫలితాన్ని ఆ మనిషికి చేరవేయాలి. కాబట్టి మొదటి అర్జీలో నిందలు వద్దు, నాలుగు విషయాలు అడగండి: శాంపిల్ ఏ రోజు పరీక్షించారు, ఫలితమెంత, మిగిలిన రక్తం ఎక్కడుంది, విదేశానికి పంపారా. ఆ అర్జీ ఆ సంస్థ ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. శాంపిల్ వాడొద్దనుకుంటే అదీ రాయొచ్చు. పేరు, నంబరు లింకు తెంచేసి ఉంటే మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరదు.

టీమ్ ప్రభుత్వ సంస్థదైతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నాన్నగారి పేరునే దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆయన సమాచారం ఆయనే అడుగుతున్నారు కాబట్టి ‘ఇతరుల వ్యక్తిగత వివరం’ అని తోసిపుచ్చలేరు.

వినియోగదారుల కోర్టు దారి నేను చెప్పను. డబ్బు తీసుకోకుండా చేసిన పని అక్కడ నిలబడడం కష్టం. తెలిసీ దాచారని కాగితం చేతికొస్తే అప్పుడు నిర్లక్ష్యం కింద సివిల్ దావా గురించి ఆలోచిద్దాం. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

పరిశోధనే వద్దని మాత్రం ఊళ్లో ప్రచారం చేయకండి. మీ కవిటి, సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. తేలాలంటే ఎవరో ఒకరు రక్తం ఇవ్వాల్సిందే. ఇచ్చినవాళ్లను మనుషులుగా చూడాలన్నదే మన పోరు.

అర్జీ వచ్చే వారమైనా రాయొచ్చు. ముందు నాన్నగారిని పలాస కిడ్నీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి మింగే బిళ్లలు కిడ్నీని ఇంకా దెబ్బతీయొచ్చు, ఈరోజే మాన్పించండి.