కొడుకు స్టేక్‌హౌస్‌కి రమ్మన్నాడు, వెళ్లాలా వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు షికాగోలో ఉంటారు. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. వాడికి ప్రమోషన్ వచ్చిన సంతోషంలో, క్రిస్మస్ సెలవుల్లో భోజనానికి ఒక పెద్ద స్టేక్‌హౌస్‌లో (స్టేకులు, అంటే గ్రిల్ మీద కాల్చిన మందపాటి బీఫ్ ముక్కలు వడ్డించే హోటల్) టేబుల్ బుక్ చేశాడు. మేం కోడి, మేక, చేప తింటాం గానీ బీఫ్ ముట్టం. ఫోన్‌లో మెనూ చూస్తే ఒక్కో ప్లేటు అరవై డాలర్ల పైమాటే! వద్దంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు. వెళ్తే ఏం తినాలి? మావారికి ఇప్పటి నుంచే టెన్షన్.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిక్షేపంగా వెళ్లి రండమ్మా. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాక నేను కొన్నేళ్లు షికాగోలో అలాంటి వంటింట్లోనే గ్రిల్ దగ్గర పనిచేశాను. నలుగురు వస్తే అందులో బీఫ్ తినని వాళ్లు ఒకరైనా ఉండేవారు. అందుకే సాల్మన్, రొయ్యలు, లాబ్‌స్టర్, చికెన్, ల్యాంబ్ చాప్స్ లాంటివి ఇలాంటి చోట్ల సాధారణంగా దొరుకుతాయి. ఆ ఊరికి స్టేకుల పేరు ఊరికే రాలేదు లెండి. 1865లో సరిగ్గా క్రిస్మస్ రోజున అక్కడ యూనియన్ స్టాక్‌యార్డ్స్ అనే పెద్ద పశువుల మార్కెట్ మొదలైంది. రైళ్ల నిండా పశువులు అక్కడికే వచ్చేవి. 1971లో అది మూతపడింది గానీ తిండి అలవాటు ఎక్కడికి పోతుంది?

నన్నడిగితే మీవారికి ల్యాంబ్ చాప్స్ చెప్పండి. అవి గొర్రెపిల్ల పక్కటెముక ముక్కలు. ఎముక చివర శుభ్రంగా గీకి ఉంటుంది, చేత్తో పట్టుకుని కొరుక్కు తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. మామూలుగా లోపల గులాబీ రంగు ఉండగానే పంపిస్తారు. మన నోటికి అది పచ్చిగా అనిపిస్తుంది కాబట్టి ‘మీడియం వెల్’ అనండి. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మా వంటింట్లో స్టేకులు, చాప్స్ ఒకే గ్రిల్ మీద కాలేవి. ఆ పట్టింపు ఉంటే చేప తీసుకుని, వేరే పెనం మీద చేయమని అడగండి. ఈ సంగతి అబ్బాయి ముందురోజే ఫోన్ చేసి చెబితే ఇంకా మంచిది. సెలవుల రద్దీలో, టేబుల్ దగ్గర హడావిడిగా చెప్పిన మాట వంటింటి దాకా రాకపోవచ్చు.

అసలు జాగ్రత్తపడాల్సింది మాంసం ప్లేట్ల దగ్గర కాదు. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరులో ఉల్లిపాయే ఉన్నా, దాన్ని ఎక్కువగా బీఫ్ ఎముకల రసంతోనే కాస్తారు. కొన్నిచోట్ల ఆలూ ఫ్రైస్ కూడా బీఫ్ కొవ్వులో వేయిస్తారు. వెడ్జ్ సలాడ్ మీద పంది మాంసం బేకన్ చల్లుతారు. సర్వర్‌ని మొహమాటపడకుండా అడగండి, అది వాళ్లకు రోజూ ఉండే ప్రశ్నే. బేకన్ లేకుండా బేక్డ్ పొటాటో, వెన్న తెప్పించుకుంటే చింత లేదు.

ఇక ఖర్చు. ఆ అరవై డాలర్లు చాలాచోట్ల ఒక్క మాంసం ముక్కకే. కూరలు విడిగా, పెద్ద గిన్నెల్లో వస్తాయి. నలుగురికి రెండు చాలు. మనిషికొకటి చెబితే సగం మిగులుతుంది. మిగిలినా డబ్బాలో పెట్టివ్వమని నిక్షేపంగా అడగొచ్చు, అక్కడ అందరూ చేసేదే. బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వాలి. దాన్ని రూపాయల్లోకి మార్చే పని మాత్రం అబ్బాయి ఎదురుగా పెట్టుకోకండి!

బరువైన కోటు తలుపు దగ్గరే తీసుకుని టోకెన్ ఇస్తారు. తిరిగి తీసుకునేటప్పుడు కోటుకి ఒకటో రెండో డాలర్లు ఇస్తారు. శాలువా మీ దగ్గరే ఉంచుకోండి. దీపాలు మసకగా ఉంటాయి కాబట్టి కళ్లజోడు మరిచిపోవద్దు. కారప్పొడి డబ్బీ బ్యాగులో పెట్టుకెళ్తే తప్పులేదు గానీ, ముందు చేప మీద నిమ్మకాయ పిండుకుని ఒక్క ముక్క తిని చూడండి.

అబ్బాయి ప్లేటులో ఎర్రటి రసం కనిపిస్తే నెత్తురని కంగారుపడకండి. అది కండరంలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీను కలిసిన నీరు.

ప్రశ్న: స్టేక్‌ని ‘వెల్ డన్’గా, అంటే లోపలిదాకా పూర్తిగా కాల్చమని అడిగితే వంటవాళ్లు నవ్వుకుంటారటగా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొందరు నవ్వుకుంటారు, నేనూ నవ్వేవాణ్నే. అయినా డబ్బు మీది, నోరు మీది. మీడియం రేర్‌కి, అంటే లోపల ఎర్రగా ఉండగానే తీసేదానికి, ముక్క లోపలి వేడి సుమారు 55 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు. వెల్ డన్‌కి 70 దాటాలి. రెండంగుళాల మందం ముక్కని అంతవరకూ కాల్చేసరికి మీ టేబుల్ వాళ్లంతా ఎదురుచూస్తూ కూర్చోవాలి. కాబట్టి ఫిలే (ఎముక లేని మెత్తటి ముక్క) చెప్పి, ‘బటర్‌ఫ్లై’ చేయమనండి. ముక్కని మధ్యకు కోసి పుస్తకంలా తెరిచి కాలుస్తారు. త్వరగా అవుతుంది, మరీ ఎండిపోదు.