బుజ్జీ, ఆ పాత బైక్ ఎక్కే ముందు

చిరంజీవి బుజ్జికి,

1995 నాటి మౌంటెన్ బైక్ కొన్నావని, దానికి వెనక కూడా సస్పెన్షన్ ఉందని, ఆదివారం కాలిఫోర్నియా ఫెయిర్‌ఫాక్స్‌లో రీప్యాక్ అనే ఆ నిటారు మట్టిరోడ్డు దిగుతానన్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో ఇంకో పిచ్చిది తయారైందని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ రోడ్డుకి ఆ పేరు ఊరికే రాలేదమ్మా. 1970ల్లో ఒక్కసారి దిగేసరికి బ్రేకు హబ్‌లో గ్రీజు కాలిపోయి, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేదట.

హెల్మెట్, కొత్త బ్రేక్ కేబుళ్లు నీకు చెప్పక్కర్లేదు. వెనక కుదుపులు ఆపే షాక్‌లో ఎలాస్టోమర్ (రబ్బరులాంటి) ముక్కలుంటే మార్చెయ్, ఈపాటికి బెల్లంపాకంలా వేళ్లకు అంటుకుంటాయి. కొత్తవే చలి పొద్దున కర్రల్లా బిగుసుకునేవి.

1990లో అమెరికాలోని డురాంగోలో జరిగిన మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్క్‌తో (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) డౌన్‌హిల్ గెలిచాడు. ముందు చక్రం సంగతి అలా తేలుతుంటే, వెనకది మాత్రం ఏళ్లపాటు ఎవరికీ లొంగలేదు. తొక్కినప్పుడల్లా బండి ఊగేది. దాంతో కొందరు పెడల్స్‌ని కూడా వెనక చక్రంతో పాటు ఊగే ముక్కకే బిగించారు. లేచి నిలబడితే బరువంతా దాని మీదే పడి సస్పెన్షన్ దాదాపు పనిచెయ్యదు. ఎత్తు ఎక్కేటప్పుడు హాయే. నా బండి అదే రకం. ఫొటో చూశాను, నీదీ అంతే.

1996లో ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. కూర్చుని మెత్తగా దిగుతున్నవాణ్ణి, రాళ్లు కనపడగానే భయంతో లేచి బ్రేకులు పట్టేశాను. అప్పటిదాకా పరుపులా ఉన్న వెనక భాగం బిగుసుకుపోయింది, రాయి తగిలి ఎగిరింది. హ్యాండిల్ మీదుగా వెళ్లి పడ్డాను. కాలర్‌బోన్ విరిగిన చప్పుడు నాకే వినిపించింది. పక్కన వెనక చక్రం టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. అది ఆగేదాకా లేవలేకపోయాను. ఒక చేత్తో బండి తోసుకుంటూ రెండు గంటలు నడిచాను. బండిని వదిలి రావాలని తోచలేదు చూడు, వెధవ బుద్ధి!

అందుకే ముందు చిన్న వాలు మీద లేస్తూ, కూర్చుంటూ పదిసార్లు దిగి చూడు. రాళ్లు రాకముందే వేగం తగ్గించు. ఒంటరిగా మాత్రం వెళ్లావో, నీతో మాట్లాడను.

నానమ్మకు అప్పట్లో బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. మొన్న కూడా "నేల తుడిచాకే వెళ్తున్నావా నాన్నా" అని అడిగింది.

ఆదివారం కింద కారులో ఉంటాను. నీ వెంటపడను, భయపడకు. పులిహోర తెస్తాను.

మీ బాబాయ్