మెంథాల్, మెంథైల్ లాక్టేట్: చల్లగా అనిపించడం వేరు, పనిచేయడం వేరు

మీ ప్రశ్న ఇది: ఫేస్‌వాష్, షాంపూ, టూత్‌పేస్టు, ఏ డబ్బా వెనక చూసినా మెంథాల్ అనో మెంథైల్ లాక్టేట్ అనో కనిపిస్తోంది, పుదీనా నుంచి వచ్చినవే కదా, సున్నితమైన చర్మానికి పడతాయా, జుట్టు పెరుగుతుందన్న మాట నమ్మవచ్చా అని.

కొన్నేళ్లుగా నాకు, ఇంట్లోవాళ్లకు కావలసిన క్రీములు, షాంపూలు నేనే తయారుచేస్తున్నాను. నాది ఇట్టే ఎర్రబారే చర్మం కాబట్టి ప్రతి పదార్థాన్నీ ముందు నా ముంజేతి మీదే పరీక్షించుకుంటాను. ఈ రెండింటితోనూ నాకు బాగా పరిచయం ఉంది.

మొదట మెంథాల్. పుదీనా జాతి మొక్కల నూనెను బాగా చల్లబరిస్తే తెల్లని పలుకులుగా విడిపోయేది ఇదే. పుదీనా పువ్వు అంటే చాలామందికి తెలుస్తుంది. అయితే అన్ని పుదీనాలూ ఒకటి కావు. మెంథా ఆర్వెన్సిస్ రకం నూనెలో 70 శాతానికి పైగా మెంథాల్ ఉంటుంది, పెప్పర్‌మింట్ నూనెలో 40 శాతం అటూ ఇటూ. స్పియర్‌మింట్‌లో దాదాపు ఉండదు, దాని పరిమళం కార్వోన్ అనే వేరే పదార్థానిది. కుండీల్లో పెంచుకునే పుదీనా తరచుగా ఈ చివరి రకమే. ఆ ఆకు నూరి ముఖానికి రాసుకుంటే మెంథాల్ అందుతుందని ఆశించకండి. ఇక లేబుల్ మీద మెంథాల్ అని ఉన్నంత మాత్రాన అది మొక్క నుంచే వచ్చిందని కూడా కాదు. రసాయన పద్ధతిలోనూ పెద్ద ఎత్తున తయారుచేస్తారు. అణువు ఒకటే అయినప్పుడు చర్మానికి ఆ తేడా తెలియదు.

ఈ పలుకులున్న సీసా మూత తీస్తే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వెచ్చని గదిలో ఉంచితే మెంథాల్ ఆవిరై మూత లోపలి వైపు సన్నని సూదుల్లా మళ్లీ పేరుకుంటుంది. 42 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నూనెలో, ఆల్కహాల్‌లో సులువుగా కలుస్తుంది గానీ నీటిలో దాదాపు కలవదు. సొంతంగా తయారుచేసుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. నీళ్ల పాలు ఎక్కువగా ఉన్న జెల్‌లో నేరుగా వేస్తే అది సమంగా కలవదు. ఒకచోట భగ్గుమంటుంది, పక్కన ఏమీ తెలియదు.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? మెంథాల్ రాసుకున్నంత మాత్రాన చర్మం నిజంగా చల్లబడదు. చలిని పసిగట్టే నరాల చివర టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం, అంటే చలి సంకేతాన్ని అందుకునే ప్రోటీన్, ఉంటుంది. మెంథాల్ దాన్ని తట్టిలేపుతుంది, మెదడు దాన్ని చలి అనుకుంటుంది. శాస్త్రవేత్తలు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2002లో ఎవరికి వారు ఈ గ్రాహకాన్ని గుర్తించారు. వేడి, చలి, స్పర్శ మనకు ఎలా తెలుస్తాయో కనుగొన్నందుకు 2021లో ఇద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. పళ్లు తోముకున్న వెంటనే మామూలు నీళ్లు కూడా మంచునీళ్లలా తగలడానికి కారణం ఇదే.

కాబట్టి ముఖం చల్లగా ఉందంటే శుభ్రపడిందని కాదు, రంధ్రాలు మూసుకున్నాయనీ కాదు. ఈ పదార్థం గురించి నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. చల్లదనాన్ని పక్కనపెట్టి, ఆ డబ్బాలో పనిచేసే పదార్థం ఇంకేముందో చూడండి.

అలాగని మెంథాల్ దండగ అనను. దురద మీద దాని పని నిజం. అమెరికాలో దురద తగ్గించే పైపూత మందుల్లో 0.1 నుంచి 1 శాతం దాకా అనుమతిస్తారు. నొప్పులకు రాసే మందుల్లో 1.25 నుంచి 16 శాతం దాకా ఉంటుంది. కీళ్ల నొప్పికి ఉపయోగపడిందని అదే మందును ముఖం మీద దురదకు రాయకూడదు. ఇంకొక మాట: మెంథాల్ తనతోపాటు ఉన్న పదార్థాలు చర్మంలోకి ఎక్కువగా దిగేలా చేస్తుంది. రెటినాల్ (ముడతలకు, మొటిమలకు రాసే ఒక రకం విటమిన్ ఎ), మృతకణాలను తొలగించే ఆమ్లాలు వాడుతున్న ముఖానికి దాన్ని దూరంగా ఉంచడం మంచిది.

మెంథైల్ లాక్టేట్ అంటే మెంథాల్‌ను లాక్టిక్ ఆమ్లంతో కలిపి చేసిన ఎస్టర్, అంటే ఆ రెండూ రసాయనికంగా కలిసి ఏర్పడే కొత్త పదార్థం. వాసన చాలా తక్కువ. చల్లదనం మెల్లగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది, కళ్లకు సోకే ఘాటు తక్కువ. కడిగేయకుండా ఉంచుకునే లోషన్లలో నా ఓటు దీనికే, అదీ అర శాతం దాటకుండా. పేరులో లాక్టేట్ ఉంది కదా అని లాక్టిక్ ఆమ్లంలా మృతకణాలను తొలగిస్తుందని అనుకోకండి. అది ఆ పనికి వేసేది కాదు.

జుట్టు సంగతి. 2014లో కొరియా పరిశోధకులు 3 శాతం పెప్పర్‌మింట్ నూనెను ఎలుకలకు రాసి, నాలుగు వారాల్లో వెంట్రుకలు బాగా పెరిగాయని ప్రకటించారు. ఎలుకల ఫలితాన్ని పట్టుకుని మనుషులకు హామీ ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది, పైగా జుట్టు ఊడుతుందన్న దిగులులో ఉన్నవాళ్లకు. చుండ్రుకైతే కీటోకోనజోల్ వంటి మందు ఉన్న షాంపూ కావాలి. మెంథాల్ అప్పటికప్పుడు మాడు దురదను మరిపిస్తుంది, అంతే. ఆ ఉపశమనం కోసం నేనూ వాడతాను.

నోటి విషయానికొస్తే, పళ్లు పుచ్చకుండా కాపాడేది ఫ్లోరైడ్. దుర్వాసన ఎక్కువగా నాలుక మీది బ్యాక్టీరియా వదిలే గంధక వాయువులది. పుదీనా ఘుమఘుమ దాన్ని కాసేపు కప్పిపెడుతుంది. మౌత్‌వాష్‌లలో మాత్రం థైమాల్, యూకలిప్టాల్, మిథైల్ శాలిసిలేట్ అనే మరో మూడు ఘాటు పదార్థాలతో జతకట్టినప్పుడు మెంథాల్‌కు పాచిని, చిగుళ్ల వాపును తగ్గించడంలో నిజంగా వాటా ఉంది.

మీది సున్నితమైన చర్మం అంటున్నారు కనుక, షాంపూలో మెంథాల్ ఉన్నా కడిగేస్తారు కాబట్టి ప్రయత్నించవచ్చు. ముఖానికి రాసి వదిలేసే క్రీములో వద్దు. ఏదైనా ముందు ముంజేయి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడండి. పెదవుల చుట్టూ పొలుసులు లేస్తూ తగ్గకపోతే లిప్‌బామ్‌ను మాత్రమే అనుమానించకండి. పేస్టులోని పుదీనా పరిమళ పదార్థాలు కొందరికి పడవు, కొన్ని వారాలు పుదీనా లేని పేస్టుకు మారి చూడండి. ఇంట్లో రెండేళ్లలోపు పిల్లలుంటే వాళ్ల ముఖానికి, ముక్కు దగ్గర మెంథాల్ ఉన్నదేదీ రాయనివ్వకండి. ఆ ఘాటుకు పసివాళ్లకు ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది.