లారీలు ఆగితే సావో పాలోలో ఏం ఆగుతుంది?

సందేహం: ఉద్యోగం మీద కొత్తగా బ్రెజిల్‌లోని సావో పాలో వచ్చాం అన్నయ్యా. డీజిల్ ధర పెరిగితే లారీ డ్రైవర్లు సమ్మెకు దిగుతారని ఆఫీసులో విని మా ఆవిడ టెన్షన్ పడుతోంది. ఇంట్లో ఏమేం పెట్టుకోవాలి?

ముందు గ్యాస్ సంగతి చూసుకో తమ్ముడూ.

2018 మే 21, సోమవారం సమ్మె మొదలైంది. డీజిల్ ధర దాదాపు రోజూ మారిపోతోందని డ్రైవర్ల గోల. మన ఆర్టీసీ సమ్మె లాంటిదేలే అనుకున్నాను. అక్కడైతే పొద్దున బస్టాండుకు వెళ్లగానే తెలిసిపోతుంది. ఇక్కడ రెండు రోజులు ఏమీ తెలియలేదు. తర్వాత బంకుల ముందు క్యూలు, ఆపైన పెట్రోలు లేదని అట్టముక్కలు. 25న మేయరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బస్సులు తగ్గాయి. నాది ఇథనాల్ కారులే అని ధీమాగా తిరిగిన పక్కింటాయనా నడక పట్టాడు. ఇథనాల్ బంకుకు వచ్చేదీ లారీలోనే మరి!

మా సిలిండరు సరిగ్గా ఆ శనివారమే అయిపోయింది. ఇక్కడిది పదమూడు కిలోలది, రెండోది పెట్టుకోలేదు. రైస్ కుక్కరే దిక్కు. అందులోనే అన్నం, అందులోనే ఫెజావ్ అనే ఇక్కడి చిక్కుడు గింజలు. పోపు లేని తిండి అన్ని రోజులు తినడం నా వల్ల కాలేదు, నవ్వుకున్నా సరే. అందుకే చెబుతున్నా, ఒక కరెంటు పొయ్యి కొనుక్కో. వంటింట్లోకి పైపు గ్యాస్ వస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఆ పైపు కింద ఉన్న ట్యాంకు నుంచి వస్తుంది, దాన్ని నింపేదీ లారీయే. వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు.

బియ్యం బస్తాలు పేర్చుకోనక్కర్లేదు. ముందు కరువయ్యేవి ఆకుకూరలు, టమాటాలు, గుడ్లు. పిల్లల పాలపొడి, రోజూ వేసుకునే మందులు మాత్రం రెండు వారాలకు సరిపడా ఉంచుకో. ఇల్లు ఇంకా వెతుకుతుంటే అద్దె కాస్త ఎక్కువైనా మెట్రో దగ్గరే తీసుకో. అది కరెంటు బండి, ఆ వారమూ నడిచింది. ఇండియా ప్రయాణం ఉంటే ఇల్లు కదిలే ముందు విమానం వాళ్లకు ఫోన్ చెయ్యి. అప్పట్లో రాజధాని బ్రసీలియా విమానాశ్రయంలోనే ఇంధనం నిండుకుంది.

చివరికి ప్రభుత్వం డీజిల్ మీద లీటరుకు 46 సెంటావోలు (ఇక్కడి పైసలు) తగ్గించింది. లారీలు కదిలాయి. జూన్ 1న ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్ అధిపతి రాజీనామా చేశారు. లారీలు కదిలాయి. మా సిలిండరు వచ్చింది మాత్రం ఆ తర్వాతి బుధవారం.