చేయి మారే చోట

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు కలిసి పనిచేయడం గురించే ఉన్నాయి. నేను కాగితం మిల్లులో 30 ఏళ్ళు షిఫ్టుల్లో పనిచేశాను. ఇప్పుడు ఒడిశాలోని రాయగడలో ఉంటూ సాయంత్రాలు పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. ఆ రెండు చోట్లా కళ్ళారా చూసినదాన్ని బట్టే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా కబడ్డీ జట్టులో ఏడుగురూ గట్టివాళ్ళే. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే ఎవరికీ తీసిపోరు. అయినా మాకంటే బలహీనమైన జట్ల చేతిలో ఓడిపోతున్నాం. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీ ఉత్తరం చదవగానే నాకు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పురుషుల 4×100 మీటర్ల రిలే గుర్తుకొచ్చింది. అమెరికా తరఫున పరుగెత్తినవాళ్ళు ఎవరనుకున్నారు? అదే ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచిన జస్టిన్ గాట్లిన్, 200 మీటర్ల స్వర్ణం గెలిచిన షాన్ క్రాఫర్డ్, 2000 సిడ్నీలో 100 మీటర్ల విజేత మారిస్ గ్రీన్, వాళ్ళతో పాటు కోబీ మిల్లర్. ఇక బ్రిటన్ జట్టులో ఒక్కరు కూడా ఆ ఏడాది 100 మీటర్ల ఫైనల్ దాకా రాలేదు. అయినా బ్రిటన్ 38.07 సెకన్లలో గెలిచింది, అమెరికాకు 38.08 పట్టింది. రిలేలో నలుగురూ ఒకరి చేతి నుంచి ఒకరు కర్ర (బ్యాటన్) అందుకుంటూ పరుగెత్తాలి. గాట్లిన్ చేతిలోని కర్ర మిల్లర్ చేతికి అందడంలో తడబాటు జరిగింది. అప్పటి నిబంధన ప్రకారం కర్ర మార్చుకోవడానికి ఉండేది 20 మీటర్ల జాగా. ముగ్గురు ఛాంపియన్ల వేగం అక్కడే కరిగిపోయింది.

మీ ఆట నేను చూడలేదు. కానీ మీ లోపం కూడా రెండు చేతులు కలిసే చోటే ఉంటుందని నా గట్టి నమ్మకం. కూతకు వచ్చినవాడు బోనస్ గీత కోసం కాలు చాపుతాడు. మూలన ఉన్న మీవాడు వంగి చీలమండ అందుకుంటాడు. ఆ పట్టు నిలిచేది రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే పక్కనున్నవాడు నడుము మీద పడాలి. పడకపోతే కూతగాడు ఈడ్చుకుంటూ మధ్యగీత అందుకుంటాడు, పట్టుకున్నవాడు బయటికి పోతాడు. అప్పుడు అందరూ పట్టు జారినవాడినే తిడతారు. నేను మాత్రం పక్కవాడి పాదాలు చూస్తాను. అవి పట్టు పడకముందే కదిలాయా, పడ్డాక కదిలాయా? పడ్డాక కదిలితే తప్పు అతనిది, తిట్లు తిన్నవాడిది కాదు.

ఒక పదిహేను రోజులు పట్టడం మానేయండి. మూలవాడూ పక్కవాడూ చేతులు కలుపుకుని, అరచేతులకు కాస్త మట్టి రాసుకుని, కూతగాడితో పాటు ఎడమకు, కుడికి, వెనక్కి కదలడం ఒక్కటే చేయండి. కళ్ళు కూతగాడి మీదే ఉండాలి. పక్కవాడు ఎటు కదులుతున్నాడో చేతిలోని లాగుడును బట్టే తెలియాలి. జతలను మాటిమాటికీ మార్చకండి. మా పిల్లలకు మొదటి వారం ఇది విసుగనిపించింది. రెండో వారం చివరికి ఒకడు ముందుకు వంగితే రెండోవాడి మోకాలు దానంతట అదే వంగడం చూశాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ప్రశ్న: నేను ఒక ఆసుపత్రిలో వార్డు బాధ్యత చూసే నర్సును. డ్యూటీ మారేటప్పుడు ఎవరూ తమ పొరపాట్లు చెప్పరు. తర్వాత ఎప్పుడో బయటపడుతున్నాయి. గట్టిగా మందలించినా మార్పు లేదు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, దీనికి నా సొంత తప్పు ఒకటి చెబుతాను. పాతికేళ్ళ కిందటి మాట. నాది రాత్రి షిఫ్టు. కాగితం యంత్రంలో ఆవిరితో వేడెక్కే పెద్ద సిలిండర్లు వరసగా ఉంటాయి. తడి కాగితం వాటి మీదుగా సాగుతూ ఆరుతుంది. తెల్లవారుజామున ఒక సిలిండరు బేరింగు దగ్గర సన్నగా కీచుమంటున్న చప్పుడు విన్నాను. అంతకు ముందు వారమే ఇలాంటిదేదో చెబితే మా పైఅధికారి అందరి ముందూ "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. అందుకని ఈసారి నోరు మెదపలేదు. లాగ్ పుస్తకంలో "అంతా సవ్యం" అని రాసి, సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను. తర్వాతి షిఫ్టులో ఆ బేరింగు బిగుసుకుపోయి యంత్రం ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కానీ అక్కడ నిలబడి ఉండవలసినవాడు నా స్నేహితుడు. ఆ రెండు మాటలు రాసిన నా చేతిరాత ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది.

నేను ఇన్‌ఛార్జి అయ్యాక "అంతా సవ్యం" అని రాయడాన్ని ఒప్పుకోలేదు. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు పది నిమిషాలు యంత్రం దగ్గరే కలిసి నిలబడాలి. దిగేవాడు తనకు అనుమానంగా ఉన్నది ఒక్కటైనా చెప్పాలి. మొదటి నెలంతా బల్బు వెలగడం లేదు, కుళాయి కారుతోంది అనేవే వచ్చాయి. నేను వాటన్నిటికీ మనుషులను పంపించాను. ఆ తర్వాతే అసలు విషయాలు రావడం మొదలైంది.

మీ వృత్తిలోనే ఒక పరిశోధన ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల్లోని నర్సుల బృందాలను పరిశీలించి, మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువగా కనిపిస్తాయని ఆమె అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. బాగా కలిసిమెలిసి పనిచేసే వార్డుల్లోనే ఎక్కువ తప్పులు నమోదయ్యాయి. అక్కడివాళ్ళు భయం లేకుండా చెప్పుకుంటున్నారు, మిగతాచోట్ల దాచిపెడుతున్నారు. అందుకే మీ వార్డులో పొరపాటు ఒక్కటీ నమోదు కాని నెల వస్తే నేనైతే సంతోషించను.

మందలింపు ఆపండి. రేపటి డ్యూటీ మార్పులో, రోగి మంచం పక్కనే నిలబడి, ముందుగా మీ పొరపాటు ఒకటి మీరే చెప్పండి.

ప్రశ్న: మా ఊరి యువజన సంఘంలో ఇరవై మంది సభ్యులున్నారు, పని చేసేది ముగ్గురే. మిగతావాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. మరి ఎందుకిలా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత బరువులు లాగించి కొలిచి, ఆ ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి బలం, ఒంటరిగా లాగినప్పటి దానిలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం దానికి కొంత కారణం. కానీ 1974లో అమెరికాలో కొందరికి కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మించి, నిజానికి ఒంటరిగానే లాగించారు. అప్పుడు కూడా బలం తగ్గింది. అది సోమరితనం కాదు. తన వంతు ఎవరికీ కనిపించదని తెలిసినప్పుడు మనిషి ఒళ్ళు తెలియకుండానే సడలుతుంది.

హాకీలో పెనాల్టీ కార్నర్‌ను, అంటే గోల్ ముందు ఎదుటి జట్టుకు దక్కే ప్రత్యేక అవకాశాన్ని చూడండి. కాపు కాసేది గోల్‌కీపరుతో కలిపి ఐదుగురే, ఎవరి వంతు ఏమిటో విడిగా కనిపిస్తూనే ఉంటుంది. కొట్టబోయే బంతికి ఎదురుగా మొదట దూసుకెళ్ళేవాడు ఒంటి మీద దెబ్బకు సిద్ధపడే వెళ్తాడు. మన ఒడిశా సుందర్‌గఢ్ కుర్రాడు అమిత్ రోహిదాస్‌కు ఆ పనిలోనే పేరు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో భారత్ జర్మనీపై 5-4తో కాంస్యం గెలిచినప్పుడు ఆఖరి క్షణాల్లో గోల్‌కీపరు శ్రీజేష్ ఆపిన బంతి అందరికీ గుర్తుంది. ఆ జట్టులో రోహిదాస్ కూడా ఉన్నాడు.

మీ ఇరవై మందికీ కలిపి ఒక పని చెప్పకండి. వినాయక చవితి పందిరి అనుకుందాం. గుంజలు ఒకరికి, లైట్లు ఇంకొకరికి, చందా పుస్తకం మరొకరికి అప్పగించి, పేర్లు గుడి గోడకు అంటించండి.

ప్రశ్న: మా వర్క్‌షాపులో తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళు, కువి అనే ఆదివాసీ భాష మాట్లాడేవాళ్ళు ఉన్నాం. భాష అడ్డు రాకుండా ఎలా?
— ఒక పాఠకుడు, మునిగుడ

జవాబు: అన్ని మాటలూ అందరికీ రానవసరం లేదు. ప్రమాదం దగ్గర పలికే నాలుగైదు మాటలు మాత్రం ఒకటే కావాలి: ఆపు, వదులు, పట్టు, వెనక్కి. మా కబడ్డీ పిల్లల్లోనూ మూడు భాషలవాళ్ళు ఉన్నారు. పట్టు పడే క్షణంలో ఒకడు "పట్టు" అని, ఒకడు అదే మాటను ఒడియాలో "ధొరొ" అని అరిచేవాడు, మూడోవాడు తన భాషలో ఏదో అనేవాడు. ఏ మాట ఉంచుకోవాలో మీరే తేల్చుకోండని వదిలేశాను. అరగంట వాదించుకుని "ధొరొ" దగ్గర ఆగారు. ఆ మాటకు గట్టిగా పట్టుబట్టింది ఒక తెలుగు పిల్లవాడు. తన పక్కన నిలబడే ఒడియా కుర్రాడికి అదే త్వరగా వినిపిస్తుందన్నాడు.