పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్: మా అమ్మ వైద్యం చూసిన మనిషిగా నా జవాబు

మీ అత్తగారికి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని, హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం), హెర్‌టూ నెగెటివ్ (హెర్‌టూ అనే ప్రొటీన్ ఎక్కువ లేని రకం) అని, క్యాన్సర్ కణాలు పెరగకుండా ఆపే బిళ్లలు పాల్బో, రైబోల్లో ఏదో ఒకటి మొదలుపెడదామని డాక్టర్ అన్నారని, దేనికి సరేననాలో తేలడం లేదని రాశారు. మా అమ్మది అచ్చం ఇదే కేసు. తను లెట్రోజోల్ అనే హార్మోన్ తగ్గించే బిళ్లతో పాటు రైబో వాడుతోంది.

మందు బలం మాటకొస్తే నా ఓటు రైబోకే. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ల మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో లెట్రోజోల్‌కి రైబో కలిపితే సగం మంది 63.9 నెలలు దాటి బతికారు, ఒక్క లెట్రోజోల్‌తో 51.4 నెలలు. పాల్బో ట్రయల్‌లో ఆ అంకెలు 53.9, 51.2. పెద్ద తేడా లేదు. జబ్బును కదలకుండా ఆపడంలో పాల్బో తక్కువదేం కాదు. జబ్బు ముదరకుండా ఉండే కాలాన్ని 14.5 నెలల నుంచి 24.8 నెలలకు జరిపింది. ఇవి రెండు వేర్వేరు ట్రయల్స్ అంకెలు, ఒకదాని పక్కన ఒకటి పెట్టి తూచకూడదని మా డాక్టర్ చెప్పారు. అయినా నా కళ్లకు రైబోతో కలిసొచ్చిన ఆ ఏడాది ఆయుష్షు చాలా పెద్దది.

డబ్బు దగ్గర పాల్బోదే పైచేయి. 2023 జనవరిలో దాని పేటెంట్ అయిపోయాక మన కంపెనీలు జెనరిక్‌లు (అదే మందును తమ పేరుతో చవగ్గా) దించాయి, ధర బాగా పడింది. రైబో అలా కాదు. ఒక్క రైబోకే నెలకు సుమారు 58 వేలు అవుతోందని కేరళలో ఒకావిడ హైకోర్టుకు వెళ్లింది. కేసు నడుస్తుండగానే, 2022లో, పోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మందు కనిపెట్టి, అందకుండా పెట్టడం ఏం న్యాయం?

సరే, నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. ఏ మందు అన్నదానికంటే, ఆ మందు తెలియని డాక్టర్ చేతిలో మీ అత్తగారు పడినప్పుడు ఏం జరుగుతుందన్నది ఎక్కువ ముఖ్యం.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఒక ఆదివారం అమ్మకు జ్వరం, దగ్గు, వాంతులు. మా వీధి ఆర్‌ఎంపీ గారు వచ్చి అజిత్రోమైసిన్ రాసి, వాంతులకు ఒండాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించారు. అప్పటికే అమ్మ చెయ్యి చాపేసింది. నేను ఫైలు వెనక అట్ట తిప్పి చూపించాను. హాస్పిటల్‌లో నర్సమ్మ నీలం పెన్నుతో దాని మీద ఈ రెండు పేర్లూ రాసి, కింద గీతలు కొట్టి, "ఇవి అడక్కుండా వేయించొద్దమ్మా" అని చెప్పింది. రైబో గుండె ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని) సాగదీస్తుంది. ఈ రెండూ అదే పని చేస్తాయి. అన్నీ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. ఆయనకు కోపం వచ్చింది. "ఇన్నేళ్ల నుంచి ఇస్తున్నాను, దగ్గు బిళ్లకూ గుండెకూ ఏం సంబంధం?" అన్నారు. నేను ఆ ఇంజెక్షన్ వేయనివ్వలేదు. "మీరు కూర్చోండి మావయ్యా, ఒక్క ఫోన్ చేసి చెప్తా" అన్నాను.

ఫోన్లో క్యాన్సర్ హాస్పిటల్ డ్యూటీ డాక్టర్ ముందు సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష), ఈసీజీ తీయించమన్నారు. ఆటోలో టౌనుకు తీసుకెళ్లాను. ఈసీజీ కాగితం మీద క్యూటీసీ, అంటే గుండె వేగానికి సరిచేసిన క్యూటీ, 468 మిల్లీసెకన్లు వచ్చింది. 480 దాటితే రైబో ఆపాలి. సీబీపీలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 50 శాతం, పక్కనే నార్మల్ అని ఉంది. ల్యాబ్ అబ్బాయి "అంతా బానే ఉంది మేడమ్" అన్నాడు. కానీ తెల్లకణాల టోటల్ కౌంట్ 2,200. అందులో సగమంటే 1,100. చూడాల్సింది ఆ 1,100. శాతం కాదు. జ్వరం ఉన్నప్పుడు ఆ అంకె ఇంకా పడిపోతే ఇంట్లో ఉంచుకునే పరిస్థితి కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. జ్వరం తగ్గేదాకా రైబో ఆపి, వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు. తేరుకుంది.

అందుకే అంటున్నాను, ఈ మందులు రాసే ప్రతి డాక్టరూ ఒక తెలుగు కార్డు చేతికివ్వాలి. ఏ మందులు కలపకూడదో, ఎంత జ్వరానికి పరుగెత్తాలో, ఏ నెంబరుకు ఫోన్ చేయాలో అందులో ఉండాలి. పెట్టెలో చీమ తలకాయంత అక్షరాలతో ఇంగ్లీషు కాగితం పెడితే మా అమ్మకు ఏం ఉపయోగం? కార్డు లేని చోటే వాట్సాప్ వైద్యం దూరుతుంది. మా బంధువులు తెచ్చిచ్చిన లక్ష్మణఫలం ఆకులు గోనెసంచిలో పడున్నాయి ఇప్పటికీ. ప్రేమతోనే తెచ్చారు, కాదనను. కానీ కషాయం తాగి లివర్ ఎంజైములు పెరిగితే అది కషాయం వల్లో రైబో వల్లో ఎవరు తేలుస్తారు? రైబోకి ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) తప్పనిసరిగా చూస్తూ ఉండాలి.

మీ ప్రశ్నకు వస్తే, మొదలుపెట్టే ముందూ, మొదటి నెల 14వ రోజు ప్రాంతంలోనూ ఈసీజీ తీయించగలిగి, ఖర్చు భరించగలిగితే రైబో అడగండి. గుండె జబ్బు ఉన్నా, ఈసీజీకి ఊరు దాటలేకపోయినా పాల్బో మేలు. దాంతో కౌంట్ పడిపోవడం మామూలే, సీబీపీ మాత్రం వదలొద్దు. ఇంకో సంగతి, డోసు తగ్గిస్తే రైబోలో ఆ 200 ఎంజీ బిళ్లలే మూడుకు బదులు రెండు వేసుకోవచ్చు. పాల్బోలో 125 నుంచి 100కి దిగితే కొత్త పెట్టె కొనాలి, పాతది వృథా. రెండిట్లోనూ 21 రోజులు వేసి 7 రోజులు ఆపుతారు. ఆ వారం లెట్రోజోల్ మాత్రం ఆపకూడదు. హాస్పిటల్ హాల్లో నాకు కనిపించిన సగం మంది రెండూ ఆపేస్తున్నారు!

మీ అత్తగారు బీపీకీ, గ్యాస్‌కీ, నిద్రకీ ఏం వేసుకుంటున్నా ఆ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, ఈసారి వెళ్లినప్పుడు డాక్టర్ టేబుల్ మీద పెట్టండి. ఏ మందు అన్నది అవి చూశాకే తేల్చమనండి.