ముందరి పళ్ళకి వెనీర్లు అనుకునే ముందు

విజయనగరం

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫొటో చూశాను. పైవరసలో నాలుగు పళ్ళమీద సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలు, మధ్యలో గోధుమరంగు చారలు. మాఘమాసంలో పెళ్ళి కాబట్టి వెనీర్లు, అంటే పన్ను ముందువైపు అతికించే పల్చటి పెంకులు, వేయించేసుకుంటానన్నావు. ఆగమ్మా, ముందు ఆ మచ్చ ఎక్కడిదో తేలాలి.

టీ, కిళ్ళీ, చుట్ట, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు వల్ల వచ్చేవి పైపై మరకలు. క్లీనింగుతో పోతాయి. మీ అమ్మమ్మ అడ్డపొగ మరకలూ అంతే. కానీ నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు పళ్ళకంటే ముందు అంగిలి చూపించుకోవాలి, తెల్లబడినా పుండు పడినా క్యాన్సర్ భయం ఉంది. ఆవిణ్ణి కూడా తీసుకురా.

నీది ఫ్లోరోసిస్‌లాగే ఉంది. ఎనిమిదేళ్ళ లోపు, చిగురు కింద పన్ను తయారయ్యేటప్పుడు ఫ్లోరైడు ఎక్కువున్న బోరునీళ్ళు తాగడం వల్ల వచ్చేది. ఒక్క పన్నే బూడిదరంగు తిరిగితే లెక్క వేరు. అది దెబ్బ తగిలి నరం చచ్చిన పన్ను. దానికి ఎక్స్‌రే, రూట్ కెనాల్, లోపల్నించి తెల్లబరచడం. అవేవీ లేకుండా పల్చటి వెనీర్ అంటిస్తే ఆ నలుపు పైకి కనిపిస్తూనే ఉంటుంది.

తేలికపాటి ఫ్లోరోసిస్ అయితే నేను మైక్రోఅబ్రేషనే చేయించుకోమంటాను. ఆమ్లం, గరుకుపొడి కలిసిన పేస్టుతో ఎనామిల్, అంటే పన్నుమీది గట్టిపొర, పైపైన 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దాకా రుద్దేస్తారు. చారలు చాలావరకు పోతాయి. ఇంకా మిగిలితే బ్లీచింగ్, అంటే మందుతో తెల్లబరచడం. బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు పన్నుకి ఏదీ అంటించనివ్వకు. లోపల మిగిలిన ఆక్సిజన్ అంటించే జిగురైన రెజిన్‌ని గట్టిపడనివ్వదు.

అప్పటికీ లొంగకపోతేనే వెనీర్. పింగాణీదైతే 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మందం. దానికి చోటివ్వాలంటే పన్ను ముందువైపు సుమారు అర మిల్లీమీటరు అరగదీయాలి. చిగురు దగ్గర ఎనామిల్ బాగా పల్చన, అక్కడ 0.3 దాటితే లోపలిపొర డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్‌కి అంటు బలహీనం, పైగా చల్లనీళ్ళకి జివ్వుమంటుంది. అందుకే ముందు మైనంతో నమూనా చేయించి, దాన్నిబట్టి లోతు గీతలు పెట్టి అరగదీస్తారా అని అడుగు. గీకిన ఎనామిల్ మళ్ళీ రాదు.

రంగు ఎంచడం కుర్చీలో కూర్చోగానే అయిపోవాలి, లిప్‌స్టిక్ లేకుండా, కిటికీ వెలుగులో. కాసేపు నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనబడతాయి. ల్యాబువాళ్ళు ఆ తెలుపే చేసి పంపుతారు. ఫొటోల కోసం మరీ తెల్లవి అడగకు, కింది పళ్ళ పక్కన గోడకి టైల్స్ అతికించినట్టుంటాయి.

అంటించే రోజే అసలు పని. వెనీర్ లోపలివైపు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, తర్వాత పింగాణీని జిగురుకి కలిపే సైలేన్ పూస్తారు. పన్నుమీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం, 15 నుంచి 30 సెకన్లు. కడిగి ఆరబెడితే ఎనామిల్ ముగ్గుపిండి రాసినట్టు తెల్లగా మారాలి. ఫ్లోరోసిస్ పన్ను ఆమ్లానికి ఓ పట్టాన లొంగదు, ఇంకాసేపు ఉంచాల్సి రావచ్చు. ఆ తెలుపు రాకుండానే అంటిస్తే ఊడేది అదే. ఉమ్మి తగిలినా, చిగురునుంచి రక్తం చెమర్చినా అంతే సంగతులు. కాబట్టి పన్ను చుట్టూ తడి తగలకుండా కప్పే రబ్బరు తెర, రబ్బరు డ్యామ్ అంటారు, వేయమను. చిగుళ్ళ వాపు నెలముందే తగ్గించుకో.

పంటిరంగు రెజిన్ ముద్దతో చేసే కాంపోజిట్ వెనీర్ చౌక, ఒక్క సిట్టింగులో అయిపోతుంది, విరిగినా అతకొచ్చు. కానీ నాలుగైదేళ్ళకే మన కూరల పసుపు పట్టేస్తుంది. పింగాణీది పదీ పదిహేనేళ్ళు. నీ వయసుకి జన్మలో రెండు మూడుసార్లు మార్చుకోవాలి, ఆ ఖర్చు కూడా లెక్కేసుకో. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటుంటే పళ్ళకి తొడిగే నైట్‌గార్డ్ లేకుండా అసలు వద్దు. తేగలు, చెరకు ముందరి పళ్ళతో చీల్చడం మానాలి. పలాస జీడిపప్పు దవడపళ్ళతో ఎంతైనా నములు.

క్లీనింగ్, బ్లీచింగ్, విరామం, ల్యాబు పని కలిపి రెండు నెలలు పైనే. దసరా తర్వాత సిరిమాను పండక్కి ఎలాగూ వస్తావు కదా, ఆ మర్నాడే మొదలుపెట్టించు. వచ్చేటప్పుడు మీ ఇంటి బోరునీళ్ళు ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకురా, గాజుది వద్దు. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో పరీక్ష చేయిద్దాం. మీ అన్నయ్య గుంటలకి ఇంకా ఎనిమిదేళ్ళు నిండలేదు. కాచి తాగిస్తున్నాం అంటాడేమో, కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది.

మీ పెదనాన్న